క్విస్లింగును ఓడించిన బడిపంతుళ్లు

మనుష్యుడు పోయిన తరువాత అతని పేరు కొంతకాలము నిలుచుట లోకములో ఉన్నదే. కీర్తిగా నిలుచుటయు కలదు, అపకీర్తిగా నిలుచుటయు కలదు. కాని ఒక మనుష్యుడు బ్రతికియుండగనే, అతని కన్నుల యెదుటనే, అతని యింటిపేరు తిట్టుగా మారి పరభాషల నిఘంటువులలోనికి ఎక్కుట మిక్కిలి అరుదు. నార్వే దేశీయుడైన విడ్కున్ క్విస్లింగునకు ఆ గతి పట్టినది. 1940 ఏప్రిల్ 9వ తేదీన జర్మనీ సేనలు నార్వేలో దిగినవి. ఆ రాత్రియే అతడు రేడియో ముందు నిలిచి, తానే ప్రధానమంత్రినని ప్రకటించుకొన్నాడు. పది దినములు తిరుగగనే లండనులోని టైమ్సు పత్రిక సంపాదకీయములో అతని పేరు బహువచనముగా అచ్చుపడినది. అది ఇక వ్యక్తి పేరు కాదు. ఒక కోవ మనుష్యుల పేరు. శత్రువునకు లోపలినుండి గడియ తీయువాడని దాని యర్థము.

తెలుగువారికి ఈ భావము క్రొత్తది కాదు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెత ఊరూర వినబడును. రామకథను తెల్లవారులు విని విభీషణునికి చేతులెత్తి మ్రొక్కిన జనమే, ఇంటికి వచ్చి ఈ సామెతను పలుకుదురు. ఇందులో ఆలోచింపదగిన విషయమొకటి యున్నది. విభీషణుడు నిండుసభలో అన్నకు హితము చెప్పినాడు. చెప్పినది చెల్లకపోగా పగటివేళ, అందరు చూచుచుండగా వెడలిపోయినాడు. అయినను లోకము అతని విషయమున రెండు మనసులతోనే ఉన్నది. క్విస్లింగు విషయమున అట్టి సందేహమున కెడము లేదు. అతడు 1939 డిసెంబరులో రహస్యముగా బెర్లిను వెళ్లి హిట్లరును కలిసికొన్నాడు. తన దేశము యుద్ధములో తటస్థముగా నిలిచియుండగనే, ఆ దేశముపై పరులు చేయి వేయుటకు ఆలోచన చెప్పి వచ్చినాడు.

అట్లని అతడు మూఢుడు కాడు, దరిద్రుడు కాడు. ఒక క్రైస్తవ పురోహితుని కుమారుడు. సైనిక విద్యాలయములో అంతకు ముందెవరును పొందని శ్రేణిలో ఉత్తీర్ణుడైనవాడు. 1922లో ఉక్రెయిను ప్రాంతమున కరవు వచ్చినపుడు, ధ్రువయాత్రికుడుగా జగత్ప్రసిద్ధుడైన ఫ్రిడ్యోఫ్ నాన్సెనుకు సహాయకుడై ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించినవాడు. 1931 నుండి రెండేండ్లు దేశరక్షణ మంత్రిగా పనిచేసినవాడు. 1933లో సొంతముగా ‘నాష్యోనల్ సామ్లింగ్’ అను రాజకీయ పక్షమును స్థాపించినాడు. ‘జాతీయ సమైక్యత’ అని ఆ పేరున కర్థము. ఆ జాతి మాత్రము దానిని ఆదరింపలేదు. 1933, 1936 సంవత్సరముల యెన్నికలు రెండింటిలోను నూటికి మూడు వోట్లయినను రాలేదు. పార్లమెంటులో ఒక్క స్థానమైనను దక్కలేదు. ప్రజలు ఇవ్వని పదవిని పరుల తుపాకుల నీడలో అందుకొనుటకు అతడు సిద్ధపడినాడు. విద్య, తెలివి, పూర్వపు సేవ – ఇవి యేవియు మనుష్యుని ఈ పతనమునుండి తమంతట తాము కాపాడలేవనుటకు క్విస్లింగు జీవితమే నిదర్శనము.

రాజు చెప్పిన మాట

ఏప్రిల్ 9వ తేదీ తెల్లవారుజామున జర్మనీ యుద్ధనౌక ‘బ్లూషర్’ ఓస్లో నగరము వైపునకు వచ్చుచుండగా, ఓస్కార్స్‌బోర్గ్ కోటలోని నలువది యేండ్లు దాటిన పాత ఫిరంగులును, టార్పీడోలును దానిని ముంచివేసినవి. ఆ కొలది గంటల ఆలస్యమే నార్వేకు ప్రాణము పోసినది. రాజు ఏడవ హాకోనును, మంత్రులును, పార్లమెంటు సభ్యులును రాజధాని విడిచి ఉత్తరమునకు తరలిపోగలిగినారు. వెనుకనే జర్మనీ రాయబారి వచ్చి, క్విస్లింగును ప్రధానమంత్రిగా అంగీకరింపవలెనని రాజును నిర్బంధించినాడు. మరునాడు న్యూబెర్గ్‌సుండ్ అను పల్లెలో రాజు తన మంత్రులను సమావేశపరచి, నిర్ణయము వారిదేయనియు, కాని జనము నమ్మని మనుష్యుని తాను ప్రధానిగా నియమింపజాలననియు, మంత్రులు వేరుగా నిశ్చయించినచో సింహాసనమునే త్యజింతుననియు తెలిపినాడు. మంత్రులు రాజు పక్షమున నిలిచినారు. మరునాడు ఆ పల్లెపై బాంబులు కురిసినవి. జూన్ 7వ తేదీన రాజు త్రోమ్సో రేవునుండి నౌకయెక్కి ఇంగ్లండు చేరినాడు.

క్విస్లింగు తొలి పదవి ఆరు దినముల ముచ్చట. జనము అతనిని ఎంతగా ఏవగించుకొనుచున్నదో చూచి జర్మనులే ఏప్రిల్ 15వ తేదీన అతనిని తొలగించినారు. కొన్ని దినములకు యోసెఫ్ టెర్బోవెన్ అను నాజీ నాయకుడు హిట్లరు ప్రతినిధిగా వచ్చి పాలనాధికారమును చేతిలోనికి తీసికొన్నాడు. సెప్టెంబరు 25వ తేదీన అతడు రాజవంశము చెల్లదనియు, క్విస్లింగు పక్షము తప్ప ఇతర పక్షములన్నియు నిషిద్ధములనియు ప్రకటించినాడు.

పాలు, నీళ్లు వేరుచేయుట

ఆక్రమింపబడిన దేశములో ప్రతి పనియు ద్రోహము కాదు. రైళ్లు నడువవలెను, రోగికి మందు, పసిబిడ్డకు పాలు అందవలెను. 1907 నాటి హేగ్ ఒడంబడిక సైతము ఆక్రమణదారు ప్రజాశాంతిని కాపాడవలెననియు, స్థానిక చట్టములను వీలైనంతవరకు మన్నింపవలెననియు విధించినది; అదే ఒడంబడిక ప్రజలచేత శత్రురాజ్యమునకు విధేయతా ప్రమాణము చేయింపరాదనియు శాసించినది. దినచర్యకు కావలసిన సహకారము ఒకటి, మనస్సును వ్రాసియిచ్చుట మరియొకటి. ఈ రెంటికి నడుమ గీత యున్నది గాని, అది నేలమీద గీచిన గీత కాదు. ప్రతివాడును తన బల్లయెదుట కూర్చుండి తానే గీచుకొనవలసినది.

ఆ గీతను గీచుకొనుటలో పెద్దలు సైతము తడబడినారు. క్విస్లింగును తొలగించిన దినముననే సుప్రీముకోర్టు న్యాయమూర్తుల పూనికతో ఒక పరిపాలనా మండలి యేర్పడినది. అది ప్రజల అవసరములను గడపుటకు పుట్టినది; దానిని తప్పుపట్టినవారు తక్కువ. కాని 1940 జూన్‌లో జర్మనుల ఒత్తిడికి లోబడి, పార్లమెంటు అధ్యక్షవర్గమే రాజును సింహాసనము వదలుకొమ్మని కోరినది. రాజు జూలైలో లండను నుండి నిరాకరించినాడు. అదే సంవత్సరము డిసెంబరులో న్యాయస్థానములపై పరుల అధికారము మితిమీరగా, సుప్రీముకోర్టు న్యాయమూర్తులందరును పదవులు విడిచినారు. ఏడాది తిరుగకుండగనే ఒకే దేశపు పెద్దలు తలవంచుటయు, తలయెత్తుటయు జరిగినది. ‘ఊరకున్నంత ఉత్తమము లేదు’ అను సామెత అట్టి దినములలో చాలమందికి ఊరటగా తోచును. ఊరకుండుట యెక్కడ ఒప్పుకొనుటగా మారునో తెలిసికొనుటయే కష్టము.

చిన్నవారు చిన్న గుర్తులతో మొదలుపెట్టినారు. ఓస్లో విశ్వవిద్యాలయ విద్యార్థులు కోటు అంచునకు కాగితములు పట్టు క్లిప్పును తగిలించుకొన్నారు. విడి కాగితములను ఒక్కటిగా పట్టియుంచునది క్లిప్పు. జనమును అట్లే పట్టియుంచవలెనని దాని సంకేతము. అధికారులు దానిని సైతము నిషేధింపవలసి వచ్చినది.

పంతుళ్ల ఉత్తరము

1942 ఫిబ్రవరి 1వ తేదీన జర్మనులు క్విస్లింగును ‘మంత్రి అధ్యక్షుడు’ అను బిరుదుతో మరల గద్దె యెక్కించినారు. నాలుగు దినములకే రెండు చట్టములు వెలువడినవి. ఒకటి, ఉపాధ్యాయులందరును క్రొత్తగా ఏర్పడిన ఉపాధ్యాయ సంఘములో సభ్యులు కావలెనన్నది. దానికి అధిపతి క్విస్లింగు పక్షపు వస్తాదుల దళమునకు నాయకుడుగా నుండినవాడు. రెండవది, పది మొదలు పదునెనిమిది యేండ్ల వరకు గల బాలబాలికలు హిట్లరు యువజన దళమును పోలిన సంస్థలో చేరవలెనన్నది. ఈ రెండును ఒక్క కత్తెరకు రెండు అంచులు. బిడ్డలను మార్చవలెనన్న మొదట బిడ్డలకు చెప్పువారిని లొంగదీయవలెను. అది సాధించినచో తక్కిన వృత్తులవారిని కూడ అట్లే సంఘములలో బిగించి, వాటి మీద తన రాజ్యమును నిలుపవలెనని క్విస్లింగు ఆలోచన.

ఓస్లోలోని కొందరు ఉపాధ్యాయులు రహస్యముగా కలిసికొని నాలుగైదు వాక్యముల ఉత్తరము నొకదానిని సిద్ధపరచినారు. యువజన సంస్థ పద్ధతిని అనుసరించి పిల్లలకు శిక్షణ ఇచ్చుట తన అంతరాత్మకు విరుద్ధమనియు, కావున ఆ సంఘములో తనను సభ్యునిగా ఎంచుకొనజాలననియు దాని సారాంశము. అందులో తిట్టు లేదు, వీరాలాపము లేదు. ఆ మాటలను ఎవరికి వారు తమ చేతితో వ్రాసి, క్రింద పేరును, చిరునామాను వ్రాసి, ఒక్కసారిగా విద్యాశాఖకు పంపవలెనని కట్టుబాటు. ఆ కట్టుబాటులోనే దాని బలమున్నది. రహస్యపత్రిక పంచువాడు పేరు దాచుకొనును. ఈ ఉత్తరము వ్రాసినవాడు తన యింటి తలుపు సంఖ్యను తానే పోలీసులకు తెలిపినాడు. ఫిబ్రవరి 20వ తేదీ ప్రాంతమున ఉత్తరములు వెల్లువవలె వచ్చి పడినవి. దేశములోని ఉపాధ్యాయులలో అత్యధికులు, ఎనిమిది వేలకు తక్కువ కాకుండ వ్రాసినారు.

ప్రభుత్వము మొదట బెదరించినది. పిదప వంటచెరకు, బొగ్గు కొరత అని నెపము పెట్టి బడులను నెలదినములు మూసివేసినది. పంతుళ్లు ఇండ్లలో పిల్లలను కూర్చుండబెట్టి పాఠములు చెప్పినారు. ఇంతలో తలిదండ్రులు మేలుకొన్నారు. తమ బిడ్డలను ఆ యువజన సంస్థలో చేర్చుటకు సమ్మతింపమని వారును ఉత్తరములు వ్రాసినారు. అవి రెండు లక్షల వరకు ఉండునని చెప్పుదురు. అప్పటి నార్వే జనాభా ముప్పది లక్షలు మాత్రమే. మతాచార్యులును తమ ప్రభుత్వ పదవులు విడిచినారు.

మార్చి 20వ తేదీన వేయిమందికి పైగా ఉపాధ్యాయులను పోలీసులు పట్టుకొన్నారు. పశువులను తరలించు రైలుపెట్టెలలో వారిని శిబిరమునకు కొనిపోయినారు. ఆ బండ్లు వెళ్లు దారిలో స్టేషనులలో పిల్లలు గుమికూడి పాటలు పాడినారని ఆనాటి వారు చెప్పుకొన్నారు. యోర్‌స్టాద్‌మోయెన్ శిబిరములో వారికి కడుపునిండ తిండి లేదు. మంచులో బోర్లపడి ప్రాకుట, చేతులు వెనుకకు కట్టుకొని పొర్లుట – వీనికి వ్యాయామమని పేరు. వారిలో వయసు మీరినవారు, రోగులు కూడ నుండిరి. సంతకము పెట్టినచో మరుక్షణమే ఇంటికి పోవచ్చునని ఆశ చూపినారు. లొంగినవారు కొద్దిమంది. లొంగనివారిలో సుమారు 500 మందిని ఏప్రిల్ నడిమి దినములలో ‘షెర్‌స్టాద్’ అను పాత ఆవిరినౌకలో, చాలినంత చోటైనను లేకుండ క్రుక్కి, ధ్రువవృత్తమునకు ఎంతో ఉత్తరమున నున్న కిర్కెనెస్ రేవునకు పంపినారు. ప్రయాణము రెండు వారములకు దగ్గరగా పట్టినది. అక్కడ సోవియట్ యుద్ధఖైదీల ప్రక్కన వారిచేత నౌకల బరువులు దింపించినారు. సుద్దముక్క పట్టిన చేతులు మూటలు మోసినవి.

ఇంటి దగ్గర వారి సంసారములు పస్తులుండలేదు. జీతము నిలిచిన కుటుంబములకు ఇరుగుపొరుగువారు, తోటి ఉద్యోగులు రహస్యముగా చందాలు కూర్చి పంపినారు. బడులు తెరచిన తరువాత అరెస్టు కాని ఉపాధ్యాయులు అనేకులు, తాము ఆ సంఘసభ్యులము కామని తరగతిలో పిల్లల యెదుట చెప్పి, పాఠము ప్రారంభించినారు. మే 22వ తేదీన క్విస్లింగు ఓస్లో సమీపమున స్టాబెక్ పాఠశాలకు పోయి, పంతుళ్లను ఉద్దేశించి, తన పనినంతయు వారే పాడుచేసినారని కేకలు వేసినాడు. రాజ్యాధికారము కలవాడు బడిపంతుళ్లకు ఇచ్చిన యోగ్యతాపత్రము అదియే. వృత్తి సంఘముల రాజ్యమను అతని పథకము అంతటితో మూలబడినది. ఆ సంవత్సరము నవంబరు నాటికి కిర్కెనెస్ నుండి కడపటి ఉపాధ్యాయులు కూడ ఇల్లు చేరినారు. వారిచేత సంతకము పెట్టించుట మాత్రము సాధ్యము కాలేదు.

రెండు పతకములు

ఈ పరీక్షలో ఉత్తీర్ణులైనవారు బడిపంతుళ్లు. తప్పినవారిలో ఒక మహారచయిత కలడు. క్నూట్ హామ్సున్ 1920లో నోబెలు బహుమానము పొందినవాడు. ఆకలిగొన్న యువకుని హృదయమును చిత్రించిన అతని ‘ఆకలి’ నవల ఎన్నో దేశముల రచయితలకు దారి చూపినది. అట్టివాడు ముదిమిలో నాజీల పక్షమున వ్యాసములు వ్రాసినాడు; 1943లో తన నోబెలు పతకమును నాజీ ప్రచారమంత్రి గోబెల్సుకు కానుకగా పంపినాడు. ఆ యేడే హిట్లరును కలిసి, టెర్బోవెన్ క్రూరపాలనను గూర్చి మొరపెట్టుకొని, అతని కోపమునకు గురియైనాడు. అయినను భక్తి సడలలేదు. 1945 మేలో హిట్లరు మరణించినపుడు ప్రశంసావాక్యములతో సంతాపము వ్రాసి ప్రకటించినాడు.

ఆ దేశపుదే మరియొక పతకము. సిగ్రిడ్ ఉండ్‌సెట్ 1928లో నోబెలు బహుమానము పొందిన నవలాకర్త్రి. 1940 జనవరిలో, సోవియట్ దాడికి గురియైన ఫిన్లండు ప్రజల సహాయనిధికి ఆమె తన పతకమును ఇచ్చివేసినది. నాలుగు మాసములు తిరుగకుండగనే యుద్ధము ఆమె గుమ్మము తొక్కినది. పెద్దకుమారుడు నార్వే సైన్యములో పోరాడుచు మరణించినాడు. ఆమె ప్రవాసియై అమెరికా చేరి, తన దేశము పక్షమున వ్రాయుచునే యున్నది. ప్రతిభ ఇద్దరికిని ఉన్నది. ప్రతిభ ఒకటి, ధర్మము తెలియుట మరియొకటి.

కాగితముల మాటున

తప్పినవారందరు గద్దెకై ప్రాకులాడినవారు కారు. క్విస్లింగు పక్షములో సభ్యులు మిక్కుటముగా ఉన్న కాలమున కూడ నలువది వేల పైచిలుకు మాత్రమే. కాని పక్షముతో నిమిత్తము లేకుండ, ఉద్యోగమను పేరుతో జరిగిన కార్యములు కలవు. నార్వేలో అప్పుడు యూదులు రెండువేల పైచిలుకు. 1942 అక్టోబరు 26వ తేదీన యూదు పురుషులను పట్టుకొనుట మొదలైనది. వారి ఆస్తులను జప్తు చేయు చట్టము కూడ వెలువడినది. నవంబరు 26వ తేదీన స్త్రీలను, పిల్లలను ఇండ్లనుండి లేవదీసి ఓస్లో రేవునకు చేర్చినారు. ‘డోనౌ’ అను నౌకలో ఆ దినమున 500 మందికి పైగా సాగనంపబడినారు. వారి గమ్యము ఆష్విట్సు మృత్యుశిబిరము. దేశమునుండి పంపబడిన యూదులందరిలో నలువదిమందికి మించి బ్రతికి రాలేదు. వారి తలుపులు తట్టినది జర్మనులు కాదు, నార్వే పోలీసులు. వారి చేతులలో చక్కగా వ్రాసిన పేర్ల పట్టికలు ఉన్నవి.

అదే దినములలో మరికొందరు నార్వే దేశీయులు, ప్రాణములకు తెగించి, సుమారు సగము మంది యూదులను అడవిదారుల వెంట స్వీడనునకు దాటించినారు. హెచ్చరికలు పంపినవారిలో పోలీసు ఉద్యోగులును ఉన్నారు. ఒకే యుడుపు ధరించిన ఇద్దరిలో ఒకడు పట్టిక పట్టుకొని తలుపు తట్టినాడు; ఒకడు ముందుగా వచ్చి పారిపొమ్మని చెప్పిపోయినాడు.

తీర్పులు

1945 మే 8వ తేదీన జర్మనులు లొంగిపోయినారు. మరునాడు క్విస్లింగును నిర్బంధించినారు. న్యాయస్థానములో అతడు చివరివరకు తనను దేశభక్తునిగానే చెప్పుకొన్నాడు. అక్టోబరు 24వ తేదీన ఓస్లోలోని ఆకెర్స్‌హుస్ కోటలో అతనిని తుపాకులతో కాల్చి శిక్ష నెరవేర్చినారు. తొంబదివేలకు మించిన వ్యక్తులపై విచారణలు జరిగినవి. నలువదియారు వేలమందికి జరిమానాయో, హక్కుల నష్టమో, చెరసాలయో ఏదో ఒక శిక్ష పడినది. 25 మంది నార్వే దేశీయులకు మరణదండన అమలైనది. హామ్సున్ మనశ్శక్తులు శాశ్వతముగా క్షీణించినవని వైద్యులు చెప్పగా, అతనికి చెరసాల తప్పి 3,25,000 క్రోనుల పరిహారము విధింపబడినది.

ఈ తీర్పులు అన్నియు సమముగా తూగలేదు. యూదుల అరెస్టులను ఓస్లోలో నడిపించిన పోలీసు అధికారి, ప్రతిఘటనోద్యమమునకు సహాయపడినాడను కారణము కూడ లెక్కకు రాగా, నిర్దోషిగా విడుదలై మరల పోలీసుశాఖలోనే పనిచేసినాడు. జర్మను సైనికులను ప్రేమించిన స్త్రీలకు మాత్రము వీధులలో తలలు గొరిగినారు. ఏ చట్టమును మీరకపోయినను అనేకులను నిర్బంధ శిబిరములలో ఉంచినారు. బలహీనులను శిక్షించుట సులభము. 2012 జనవరిలో ప్రధానమంత్రి యెన్స్ స్టోల్టెన్‌బెర్గ్ యూదుల అరెస్టులలో నార్వే దేశీయుల పాత్రకును, 2018లో ప్రధానమంత్రి ఎర్నా సోల్‌బెర్గ్ ఆ స్త్రీలపై జరిగిన అన్యాయమునకును ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పినారు. అప్పటికి వారిలో చాలమంది కాలము చేసినారు.

క్విస్లింగు నివసించిన మహాభవనములో ఇప్పుడు యూదుల మారణకాండను గూర్చిన పరిశోధనాకేంద్రమును, ప్రదర్శనశాలయును ఉన్నవి. పాఠశాలల విద్యార్థులు అక్కడికి వచ్చుచుందురు. వారికి క్విస్లింగు పేరు నిఘంటువే చెప్పును. కిర్కెనెస్‌లో మూటలు మోసిన పంతుళ్ల పేర్లు ఏ నిఘంటువులోను లేవు. వారిలో పెక్కుమంది యుద్ధము ముగిసిన తరువాత తమ తమ పల్లెల బడులకు మరలి, గుణకారములు, ఒత్తులు దిద్దించు పనిలో పడినారు. దేశము వారిని కోరినది గొప్ప సాహసకార్యము కాదు. నాలుగు వాక్యములు వ్రాసి, క్రింద తన పేరు పెట్టుట. పట్టికలోని పేర్లను చదివి తలుపులు తట్టినవారిని కోరినదియు అంతటి చిన్నపనియే. పని చిన్నదని ఇరువురును అనుకొనవచ్చును. పంతుళ్లు మాత్రము అనుకొనలేదు.